శాంపిల్ వదిన బల్ల

శనివారం సంతలో ఆమెకు రెండు పేర్లున్నాయి. ఎదురుగా ఉంటే వదినగారు. నాలుగడుగులు దాటితే శాంపిల్ వదిన.

మొదటి పేరు ఆడపడుచు పుణ్యం. ప్రతి శనివారం పొద్దున్నే ఇద్దరూ కలిసి సంతకు వచ్చేవారు. ఆ పిల్లకు మెల్లగా మాట్లాడటం చిన్నప్పట్నుంచీ చేతకాదు. "వదినా, ఇటు రా! వదినా, తేనె!" అని ఈ కొస నుంచి ఆ కొసకు వినిపించేలా పిలిచి పిలిచి, నెల తిరక్కుండానే బుట్టలల్లే ఆయనకూ సబ్బులు చేసే ఆవిడకూ అందరికీ ఆమెను వదినను చేసిపెట్టింది. రెండో పేరు మాత్రం పూర్తిగా స్వార్జితం. ఆరేళ్లలో ఆ సంతలో ఆమె రుచి చూడని సీసా లేదు. కొన్నవి మాత్రం వేళ్ల మీద చెప్పొచ్చు. కొనకపోయినా ఊరికే వెళ్లేది కాదు, ఒక సలహా ఇచ్చి వెళ్లేది. "పాకం ఒక్క పొంగు ముందే దించేశారండీ." "తేనె మంచిదే, సీసా సరిగ్గా ఆరలేదు." ఇబ్బందేమిటంటే ఆమె చెప్పింది ప్రతిసారీ నిజమయ్యేది. అందువల్ల ఆమెను రమ్మనలేక, పొమ్మనలేక సంత సంతంతా సతమతమయ్యేది.

ఒక్క రొట్టెల పెద్దాయన మాత్రం ఓసారి మొహమాటం లేకుండా అనేశాడు. వారం వారం ఆయన బ్రెడ్ ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "ఉప్పు ఒక్క చిటికెడు తగ్గిందండీ" అనడం ఆమెకు అలవాటు. రెండేళ్ల కిందట ఆయన చేతిలోని కత్తి పక్కన పెట్టి, "చెప్పడానికేముందమ్మా! బల్లకు ఇటువైపు నిలబడి చూడండి, తెలుస్తుంది" అన్నాడు.

ఆమె నవ్వేసి వచ్చేసింది. ఆ మాట మాత్రం ఆమెతోపాటు ఇంటికొచ్చింది. గిన్నెలు తోముతుంటే సింకు పక్కన, బట్టలు ఆరేస్తుంటే దండెం పక్కన చేతులు కట్టుకుని నిలబడేది. రెండేళ్లయినా కూర్చోమంటే కూర్చోలేదు.

అందుకే నాలుగో బల్ల ఖాళీ అయిందని తెలిసిన రోజే ఆమె వెళ్లి పేరు రాయించుకుంది.

సంత జరిగేది ఆ పేట లైబ్రరీ ముందున్న ఖాళీ జాగాలో. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, ఇరవై రెండు బల్లలు. వాటిలో నాలుగోది అందరి కన్నూ పడే చోటు. లైబ్రరీ గోడ నీడ దాని మీదే పడుతుంది, చెయ్యి చాస్తే కుళాయి అందుతుంది. ఊలు అల్లికలు అమ్మే ఆవిడ ఇల్లు మారి వెళ్లిపోతూ దాన్ని వదిలింది. పక్కన ఐదో బల్ల రొట్టెల పెద్దాయనది.

సంతను నడిపేది రిటైరైన డ్రిల్లు టీచరు. ఉద్యోగం వదిలినా మెడలో విజిల్ వదల్లేదు. ఎనిమిదికి ఒకసారి ఊదితే అమ్మకాలు మొదలు, ఒంటిగంటకు ఊదితే ఆఖరు. కొత్తవాళ్లకు ఒక్క శనివారం పరీక్ష. ఆ పరీక్షకు నియమాలు రెండే.

"అమ్మేది మీ చేత్తో చేసిందై ఉండాలి" అంది టీచరమ్మ, రిజిస్టరు తెరిచి. "ఒంటిగంట విజిల్ దాకా బల్ల ఖాళీ కాకూడదు. పదకొండింటికే దులుపుకుని వెళ్లిపోయేవాళ్లు నాకొద్దు. వరసలో ఒక్క బల్ల బోసిగా ఉన్నా నవ్వే నోట్లో పన్ను ఊడినట్టుంటుంది. ఖాళీ అయిందా, మీ తర్వాత కొవ్వొత్తులమ్మాయి కాచుక్కూర్చుంది. మళ్లీ మీ వంతు ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

"ఖాళీ కాదు టీచరుగారూ" అందామె. అంత ధీమా ఎక్కణ్నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. ధీమా మాత్రం ఉంది.

చేసింది నారింజ తొక్కల జామ్. మూడు రోజులు వంటిల్లంతా నారింజ వాసన. తొక్కలు సన్నగా తరిగి, గింజలన్నీ పల్చటి గుడ్డలో మూటగట్టి ఆ ఉడుకులోనే వేసింది. జామ్ గట్టిపడేది ఆ మూట వల్లే. ఫ్రిజ్‌లో పెట్టిన చల్లటి పళ్లెం మీద ఒక చుక్క వేసి, వేలితో నెట్టి, చుక్క ముడత పడేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. సీసాలు ముప్పై ఒకటి వచ్చాయి. ముప్పై అమ్మకానికి, ఒకటి రుచి చూపించడానికి.

ముందుగా ఇంట్లోవాళ్లకు తలా ఒక చెంచా పెట్టింది.

భర్త చెంచా నోట్లో పెట్టుకుని, మాత్ర మింగినట్టు గుటకేసి, "బ్రహ్మాండం" అన్నాడు. ఆడపడుచు ఏమీ అనలేదు. ఆ పిల్ల విషయంలో అదే ఒక వార్త.

"చేదుగా ఉందే అమ్మాయ్" అంది అత్తగారు.

"చేదుగానే ఉండాలి అత్తయ్యా. చేదు లేకపోతే అది జామ్ కాదు, పాకం."

"డబ్బిచ్చి చేదు కొనుక్కునేవాళ్లుంటారా?"

"కాఫీ కొనుక్కోవడం లేదూ?"

అత్తగారు తన చేతిలోని కాఫీ గ్లాసు వంక ఒకసారి చూసుకుని, "అది వేరు" అంది.

ఆ తర్వాత ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఎవరి ఆలోచనలో వాళ్లు పడ్డారు. ఆమె అది జామ్ మహిమ అనుకుంది.

శనివారం ఎనిమిది గంటల విజిల్‌కు నాలుగో బల్ల మీద తెల్ల దుప్పటి, దాని మీద మూడు వరసల్లో ముప్పై సీసాలు, ముందువైపు మూత తీసిన సీసా, ఒక గ్లాసు నిండా చిన్న చెక్క చెంచాలు సిద్ధంగా ఉన్నాయి. వెనక వదినా ఆడపడుచూ నిలబడ్డారు. పెద్దాయన ఇటు చూసి తల పంకించాడు. శుభాకాంక్షలో, సానుభూతో తెలియలేదు.

పావుగంటలో మొదటి బేరం తగిలింది. శనివారం పూట కూడా టై కట్టుకుని వచ్చిన మనిషి.

"అయిదు సీసాలివ్వండి."

"అయిదా! ముందు కాస్త రుచి చూడండి."

"అక్కర్లేదండీ. చూస్తేనే తెలుస్తోంది" అన్నాడాయన, రొట్టెల వైపు చూస్తూ.

తర్వాత తెల్ల కాన్వాసు బూట్లు వేసుకున్న పెద్దావిడ ఒకరు. ఆవిడ వెళ్లిన కాసేపటికి అచ్చం అలాంటి బూట్లతో ఇంకో ఆవిడ. తర్వాత ఆడపడుచు పనిచేసే పళ్ల డాక్టరు దగ్గర నర్సు. పళ్ల డాక్టరు మనుషులు జామ్ కొనడం ముందుచూపేమోలే అనుకుందామె. మళ్లీ ఒక టై. మళ్లీ తెల్ల బూట్లు. ఎవరో వెనక నిలబడి ఒక్కొక్కరినే వదులుతున్నట్టు వచ్చారు, తీసుకున్నారు, వెళ్లారు. తొమ్మిదిన్నరకు బల్ల మీద రెండు సీసాలు మిగిలాయి.

ఆమెకు కాళ్లు నేల మీద ఆనడం లేదు. పక్కకు తిరిగి, వినయం లాంటిదేదో గొంతులోకి తెచ్చుకుని, "బాగానే పోతున్నాయండీ" అంది.

"చూస్తున్నాను" అన్నాడు పెద్దాయన. బ్రెడ్ కోస్తూ, తలెత్తకుండా, "ఒక్కళ్లూ రుచి చూడలేదు" అన్నాడు.

ఆమె మూత తీసిన సీసా వంక చూసింది. పైన వేసిన నారింజ తొక్క మెలిక వేసింది వేసినట్టే ఉంది. ఊరికే పెడుతుంటే వద్దనే మనిషిని ఆరేళ్లలో ఆ సంతలో ఆమె చూడలేదు. ఆ విషయంలో ఆమెకన్నా తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

అనుమానం మొలకెత్తేలోపే తెల్ల బూట్లావిడ ఒకరు వెనక్కి తిరిగొచ్చి, సీసా పైకెత్తి చూపిస్తూ, "ఇంతకీ ఇది మొహానికి రాసుకునేదా అమ్మా, తలకా?" అని అడిగింది.

"బ్రెడ్డుకండీ" అందామె.

ఆవిడ వెళ్లాక ఆడపడుచు వైపు తిరిగింది. ఆడపడుచు సంచీలో ఏదో చాలా ముఖ్యమైంది వెతుక్కుంటోంది.

"ఏమ్మా, మీ నర్సుకు జామ్ అంటే అంత ఇష్టమా?"

"అబ్బో, ప్రాణం వదినా."

"అందుకేనా ఆరు తీసుకెళ్లింది?"

అబద్ధం చెప్పడానికి చిన్న గొంతు కావాలి. ఆ పిల్లకు అది లేదు. "అమ్ముడుపోకపోతే నీ మొహం చూడలేననే వదినా!" అని పైకే అనేసింది. ఐదో బల్లకూ ఆరో బల్లకూ కూడా వినపడింది. "ఒట్టు, నేను ఆ ఆరే! ఆ టైల సంగతి నాకు తెలీదు. అన్నయ్యేమో. ఆ బూట్లు మాత్రం అమ్మ వాకింగ్ వాళ్లవి."

అంటే ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు మనుషుల్ని పురమాయించారన్నమాట. టైల పద్దు పది, బూట్ల పద్దు పన్నెండు, పళ్ల డాక్టరు పద్దు ఆరు.

సరిగ్గా అప్పుడే టీచరమ్మ రిజిస్టరుతో వచ్చి నిలబడింది. రెండు సీసాల వంకా, గడియారం వంకా, మళ్లీ సీసాల వంకా చూసింది.

"ఇంకా పదవలేదు. ఒంటిగంట దాకా ఈ రెండేనా?"

"కాదు టీచరుగారూ. ఉన్నాయి."

"ఇంట్లోనా?"

"దారిలో" అందామె, కనురెప్ప కూడా ఆర్పకుండా.

టీచరమ్మ అటు వెళ్లగానే ఫోను తీసింది.

"ఏమండీ, ఎక్కడున్నారు?"

"ఆఫీసులో" అన్నాడు భర్త.

అదే క్షణంలో టీచరమ్మ ఎవరి సైకిలో అడ్డంగా ఉందని విజిల్ ఊదింది. ఆ కూత ఈ చెవిలోనూ వినిపించింది, ఫోనున్న చెవిలోనూ వినిపించింది.

"మీ ఆఫీసులో విజిల్ ఊదుతున్నారేమిటండీ?"

"లైబ్రరీ వెనకున్నాను" అన్నాడు.

"డిక్కీలో ఉన్నవి తీసుకుని రండి. అత్తయ్య ఎక్కడున్నారో ఆవిణ్నీ తీసుకురండి."

అత్తగారు కూడా లైబ్రరీ వెనకే, రాతి బెంచీ మీద, శాలువా కింద పన్నెండు సీసాలు దాచుకుని కూర్చుంది. తల్లీకొడుకులు అరగంటగా ఒకరికొకరు కనబడకుండా అదే గోడకు రెండు చివర్లా కాపలా కాశారని అప్పుడే బయటపడింది. ఇద్దరూ అట్టపెట్టె చెరోవైపు పట్టుకుని తప్పుచేసిన పిల్లల్లా వచ్చారు. ఆడపడుచు పరుగున వెళ్లి క్లినిక్‌లోని ఆరూ పట్టుకొచ్చింది.

"నువ్వు బాధపడతావని..." అని మొదలుపెట్టాడు భర్త.

"అమ్ముడుపోకపోతే ఏమవుతుందండీ?" అందామె, గొంతు పెంచకుండా. "బల్ల నిండుగా ఉంటుంది. ఇక్కడ కావాల్సిందదే. ఒక్క సీసా పోకపోయినా నేను పాసే. ఖాళీ అయితేనే ఫెయిలు. మీరు ముగ్గురూ కలిసి గంటన్నరలో నన్ను ఫెయిలు చేయబోయారు."

"అదేం సంతే!" అంది అత్తగారు. "అమ్ముడుపోతే తప్పేమిటి?"

"సరే, అది పక్కన పెట్టండి. ఇరవై ఎనిమిది సీసాలు కొన్నారు కదా, ఒక్కళ్లయినా మూత తీశారా?"

పెట్టెలో సీసాల మూతలకు ఆమె వేసిన కాగితం సీళ్లు చెక్కుచెదరలేదు. ఆమెకు అక్కడే కాస్త గుచ్చుకుంది. కొననివాళ్ల మీద ఆమెకు కోపం రాదు. ఆరేళ్లుగా ఆమె చేస్తున్నదీ అదే. రుచి చూడకుండా కొనడమే ఆమె లెక్కలో పాపం.

ఎవరి డబ్బు వాళ్లకు తిరిగిచ్చేసి, సీసాలు మళ్లీ మూడు వరసల్లో పేర్చింది. "ఇక మీరు ముగ్గురూ ఆ చెట్టు కింద కూర్చోండి. కొనొద్దు, కొనిపించొద్దు. మనుషుల్ని వాళ్లంతట వాళ్లను రానివ్వండి."

వాళ్లంతట వాళ్లు వచ్చారు. చెంచాతో రుచి చూశారు. మొహం ఒకలా పెట్టి, "బావుందండీ" అని వెళ్లిపోయారు. ఆ "బావుందండీ" ఆమెకు బాగా తెలుసు. ఆరేళ్లుగా తాను కొనకుండా వెళ్లేటప్పుడు వాడిన సరుకే అది. పదకొండైంది. ఒక్క సీసా కదల్లేదు. బల్లకు భయం లేదు, నిండుగానే ఉంది. పాసవడం ఖాయం. కానీ పాసవడానికి కాదు కదా ఇటువైపు వచ్చి నిలబడింది.

"వదినగారూ" అన్నాడు రొట్టెల పెద్దాయన. "ఒక సలహా చెప్పనా?"

ఆ మాట అనడానికి ఆయన ఎన్నేళ్లుగా ఎదురుచూశాడో, దాన్ని చాలా నెమ్మదిగా అన్నాడు.

"చెప్పండి."

"పసిపిల్లలకు మందు పట్టించినట్టు ఉత్త చెంచాతో పోస్తున్నారు. చేదును ఒంటరిగా పంపితే ఎవరు దగ్గరికి రానిస్తారు? తోడిచ్చి పంపాలి." అప్పుడే కోసిన బ్రెడ్ ఒకటి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. "ఉప్పు ఒక్క చిటికెడు తక్కువే. సర్దుకోండి."

ఊరందరికీ పాకం పొంగులు చెప్పిన మనిషి, తన జామ్ ఎలా తినిపించాలో మరిచిపోయింది! తప్పు తనదని ఒప్పుకోవడం ఆమెకు పెద్ద కష్టం కాదు, తొందరగా ఒప్పేసుకుంటే ఎక్కువమంది చూడరని ఆమె సిద్ధాంతం. చెంచాల గ్లాసు తీసి బల్ల కింద పెట్టింది. బ్రెడ్డును వేలెడు ముక్కలుగా కోసి, వెన్న రాసినంత పల్చగా జామ్ రాసి, పళ్లెంలో పేర్చింది.

మొదటి ముక్క చెట్టు కిందికి పంపించింది. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొరికి, చాలాసేపు నమిలింది. "ఇలా అయితే పర్వాలేదు" అని అక్కణ్నుంచే కేకేసింది. "మొన్న ఇలా పెట్టావా నువ్వు?" ఆడపడుచు గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందో అప్పుడు అందరికీ అర్థమైంది. అత్తగారి నోట పర్వాలేదు అనే మాట వినడానికి ఆ ఇంట్లో కొందరికి పదేళ్లు పట్టింది. జామ్‌కు మూడు రోజులే పట్టింది.

తర్వాత అంతా చకచకా జరిగింది. చేతిలో తేనె సీసాతో వెళ్తున్న ఒకాయన ముక్క తిని, నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చి రెండు సీసాలు తీసుకున్నాడు. ఆ వెనక్కి తిరగడం చూడగానే ఆమెకు పొద్దుటి ఇరవై ఎనిమిదీ దండగనిపించాయి. ఒకావిడ రెండు ముక్కలు తిని, "చేదు నాకు పడదమ్మా" అని నిక్కచ్చిగా చెప్పి వెళ్లింది. ఆవిణ్ని పిలిచి మూడో ముక్క ఊరికే పెట్టింది. సబ్బులావిడ వచ్చింది, బుట్టలాయన వచ్చాడు. ఇన్నేళ్లు తమ బల్లల ముందు ఆమె నిలబడినట్టే కళ్లు మూసుకుని నిలబడి, తలా ఒక లోపం వెతికి, తలా ఒక సీసా కొనుక్కెళ్లారు. పొద్దుటి టై మనిషి కూడా మళ్లీ వచ్చాడు. ఈసారి నిజంగా తిన్నాడు. "ఇది ఇంత బావుంటుందని మీ ఆయన చెప్పలేదండీ" అని ఆశ్చర్యపోయాడు.

"ఆయనకూ తెలీదులెండి" అందామె.

ఒంటిగంటకు పావుగంట తక్కువైంది. బల్ల మీద ఒకే ఒక్క సీసా ఉంది. అవతల మూలన టీచరమ్మ మెడలోని విజిల్ తాడు సర్దుకుంటూ ఇటే చూస్తోంది. చెట్టు కింద ముగ్గురూ లేచి నిలబడ్డారు.

రొట్టెల పెద్దాయన చేతులు తుడుచుకుని, తన బల్ల దాటి, కొనేవాళ్లు నిలబడే వైపుకు వచ్చాడు. ఆయన ఇంకొకరి బల్ల ముందు నిలబడటం ఆ సంతలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. పళ్లెంలో మిగిలిన రెండు ముక్కల్లో ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఆమెకు తాను ఇన్నేళ్లూ అందరినీ ఎంత సేపు నిలబెట్టేదో అప్పుడు తెలిసింది.

"తొక్క ఇంకాస్త సన్నగా తరగాల్సింది" అన్నాడు కళ్లు తెరిచి.

"ఆఖరి రెండు కాయలకు చెయ్యి నొప్పెట్టిందండీ" అందామె. అది ఎవరికీ తెలియదనుకుంది.

"ఆ సీసా ఇవ్వండి."

"ఇవ్వను."

"అమ్మడానికే కదా పెట్టారు?"

"విజిల్ ఊదాక మొదటి బేరం మీదే. అప్పటిదాకా అది నా బల్లకు పన్ను. ఊడదీయను."

ఆయన వెళ్లలేదు. సీసాకు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రొట్టెలు కొనడానికి వచ్చినవాళ్లు ఐదో బల్ల దగ్గర కాసేపు చూసి, ఆయన వెనకే వరసలో చేరారు. ఏమిటో తెలియకపోయినా వరస కనిపిస్తే నిలబడేవాళ్లు ఇంకో నలుగురు చేరారు. పావుగంట సేపు ఒకే ఒక్క సీసా ముందు అంత వరస ఆ లైబ్రరీ గోడ కూడా చూసి ఉండదు.

టీచరమ్మ వరస పక్కనుంచి నడుచుకుంటూ వచ్చింది. బల్ల చూసింది, సీసా చూసింది, గడియారం చూసింది. ఛాతీ నిండా గాలి పీల్చి విజిల్ ఊదింది. ఆ రోజు మామూలుకన్నా కాస్త ఎక్కువసేపే ఊదిందని ఆడపడుచు ఇప్పటికీ వాదిస్తుంది. తర్వాత రిజిస్టరు తెరిచి, నాలుగో బల్ల ఎదురుగా ఏదో రాసి, "పేరేమని రాయను? శాంపిల్..." అని నాలుక కరుచుకుంది.

"అదే రాయండి టీచరుగారూ. కష్టపడి సంపాదించుకున్నది."

ఆఖరి సీసా పెద్దాయన చేతికిచ్చింది. ఆయన తెచ్చిపెట్టిన బ్రెడ్డులో మిగిలిన చివరి ముక్క అడుగున జామ్ అంటి పళ్లెంలో ఉంది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి నోట్లో వేసుకుంది. అలవాటు కొద్దీ కళ్లు మూతలు పడ్డాయి.

"ఇవాళ ఉప్పు సరిగ్గా సరిపోయిందండీ" అంది.

"ఆరేళ్లుగా అంతే వేస్తున్నాను" అన్నాడాయన.

ఆమె ఇంకోసారి నమిలి, కాస్త ఆలోచించింది.

"అయితే సరిచేసింది నా జామేనన్నమాట" అని, తెల్ల దుప్పటి దులపడం మొదలుపెట్టింది.